అక్క కాలు ఆగితేనే కథ

చెల్లెలికి ఒక కథ కావాలి, శనివారం మధ్యాహ్నం పన్నెండు లోపల. అక్క నలభై స్కూలు ప్యాంట్లు కుట్టివ్వాలి, అవీ శనివారం మధ్యాహ్నానికే. ఇద్దరికీ పని చేసుకోడానికి ఉన్నది ఒకటే గది, ఒకటే ట్యూబులైటు. ఇంక చెప్పేదేముంది, ఆ వారమంతా ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మామూలు గొంతుతో మాట్లాడలేదు.

చెల్లెలిది నీళ్ళ మీటర్ల ఉద్యోగం. ఇంటింటికీ తిరిగి, మెట్ల కింద వంగి, మూత తీసి, గాజు మీద మట్టి తుడిచి, అంకె చూసి రాసుకురావాలి. ఆ కుటుంబంలో డిగ్రీ దాకా వెళ్ళింది ఆమె ఒక్కతే. రెండేళ్ళ క్రితం ఆమె రాసిన కథ ఒకటి వారపత్రికలో పడింది. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత ఇంకోటి రాలేదు. ఇప్పుడు అదే ఆఫీసులో ఆమె పేరు 'ఒంటికథ'. "ఒంటికథగారూ, ఆరో వార్డు రీడింగులు పూర్తయ్యాయా?" అని సూపర్‌వైజరే అడుగుతాడు, మొహంలో నవ్వన్నది లేకుండా.

సోమవారం పొద్దున్న పత్రిక సంపాదకుడు ఫోన్ చేశాడు. "ప్రత్యేక సంచికలో రెండు పేజీలు నీకోసం ఆపానమ్మా. శనివారం పన్నెండుకి అందకపోతే చిగుళ్ళ వాపు మీద డాక్టరుగారి వ్యాసం వేసేస్తాను. ఆయన ఏనాడూ ఆలస్యం చెయ్యడు." పెట్టేసే ముందు ఇంకో మాట అన్నాడు. "ఒక్క కథ అందరూ రాస్తారు తల్లీ. రెండోది రాస్తేనే రచయిత. మళ్ళీ అడగను."

ఆ మాట గొంతులో చేపముల్లులా ఇరుక్కుంది.

కథలు దొరక్క కాదు. నోటుబుక్కులో ముప్ఫై ఏడు రాసి పెట్టుకుంది. వాటిలో ఏది రాయాలన్నదే తంటా. దానికి ఆమె దగ్గర ఉన్న తూకం ఒక్కటే, అక్క కాలు. అక్క తొక్కుడు మిషను మీద కుడుతుంటే చెల్లెలు పక్కన స్టూలేసుకుని కథ చెబుతుంది. అక్క తల ఎత్తదు, ఊ కొట్టదు. కథ పట్టుకుందా, కాలు దానంతటదే ఆగిపోతుంది. మొదటి కథకి అలాగే ఆగింది. ఆగినట్టు అక్కకే తెలియలేదు. సూది కింద గుడ్డ అలాగే పట్టుకుని, "ఆ తర్వాత?" అంది. అప్పట్నుంచీ చెల్లెలికి సంపాదకుడి మాట కన్నా ఆ కాలి మీదే గురి.

"నీ కథల కోసం నేను కాలు ఆపనే, ముందే చెబుతున్నా," అంది అక్క.

"నువ్వు ఆపక్కర్లేదు. అదే ఆగాలి."

"అదే ఆగిపోతే ఆస్పత్రికి పోవాలి, పత్రికకి కాదు."

సోమవారం సాయంత్రం మొదలైంది. "ఒక ఇల్లక్కా. పదకొండు నెలల్నుంచి మీటరు ఒక్క అంకె కదల్లేదు. డాబా మీద మాత్రం రోజూ ఉతికిన బట్టలు ఆరేసి ఉంటాయి."

టకటకటక.

"ఎక్కడ ఉతుకుతున్నారు?" అంది అక్క.

"అదే కథ."

"అదే అడుగుతున్నా. ఎక్కడ?"

"నాకు తెలీదు. దాన్ని పాఠకుల ఊహకి వదిలేస్తాం."

"నీకే తెలియంది వాళ్ళకెలా తెలుస్తుందే? నాకు ఊహించే పని కూడా అంటగట్టకు. ఇంకా ఎనభై జేబులున్నాయి."

మంగళవారం ప్లాస్టిక్ మొక్కలకి నీళ్ళు పోసే ముసలాయన కథ.

"ఎందుకు పోస్తున్నాడు?"

"ఒంటరితనం అక్కా."

"ఆయన చెప్పాడా?"

"చూస్తే తెలీదూ?"

"దుమ్ము కడుక్కుంటున్నాడేమోనే. మన ప్లాస్టిక్ పూలు నేను కడిగేదీ అలాగేగా."

బుధవారం ఒకటే కుళాయి పంచుకుని, మాటలు మాత్రం మానేసిన అన్నదమ్ముల కథ. సగంలో ఉండగా మిషను ఆగింది. చెల్లెలు స్టూలు మీంచి లేచి నిలబడింది. "ఆగింది! అక్కా, ఆగింది!"

"కింది దారం అయిపోయిందే తల్లీ," అంది అక్క, బాబిను తీస్తూ. "కూర్చో."

లిఫ్టులు బాగుచేసే బావ అప్పుడే పని నుంచి వచ్చి బూట్లు విప్పుతున్నాడు. "మరదలా, నీకెందుకు ఈ అవస్థ? నేను చెబుతా రాసుకో. ఇద్దరు శత్రువులు, ఒక లిఫ్టు. మధ్యలో కరెంటు పోతుంది."

"పోయిన నెల ఇద్దరు ప్రేమికులు, ఒక లిఫ్టు అన్నావు బావా."

"వాళ్ళు వేరే లిఫ్టు."

"నువ్వు ముందు వెళ్ళి కాళ్ళు కడుక్కో," అంది అక్క భర్తతో. "ఒక పిచ్చిదానితోనే వేగలేకపోతున్నా."

గురువారం ఇంకా ఘోరం. ఒక ఇల్లాలు, "మీరు కథలు రాస్తారటగా! నాది రాస్తే ఐదొందల పేజీలు," అని మీటరు మూత చేతిలో ఉండగానే పట్టేసుకుంది. ముప్పావుగంట చెప్పింది. తోటికోడలు తీసుకెళ్ళి తిరిగివ్వని ప్రెషర్ కుక్కరు కథ అది. చెల్లెలు తలూపి తలూపి మెడ పట్టేసి ఇంటికొచ్చి, ఆ చిరాకంతా అక్క మీద చూపించింది. "నాలుగు రోజులైంది! ఒక్కటీ నచ్చలేదా నీకు? కావాలనే తొక్కుతున్నావు!"

అక్క కత్తెర కింద పెట్టింది. "నిజం చెప్పనా? నీ కథలన్నీ గుమ్మం దగ్గరే ఆగిపోతాయే. మీటరు చూసినట్టు ఒక అంకె చూసుకుని వచ్చేస్తావు. లోపల ఎవరున్నారు, ఎందుకలా ఉన్నారు, ఏదీ అడగవు. అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"రోజుకి నూట ఇరవై ఇళ్ళు నాకు. ఎంతమందిని అడగను?"

"ఒక్కరినైనా అడిగావా?"

చెల్లెలు విసురుగా లేచి వెళ్ళి ఇస్త్రీపెట్టె తీసింది. కుట్టిన ప్యాంట్లన్నీ మడత మీద మడత పెట్టి నొక్కింది. కోపం వచ్చినా పని మానదు ఆమె. అదీ అక్క దగ్గర నేర్చుకున్నదే.

శుక్రవారం సాయంత్రానికి ఇరవై తొమ్మిది ప్యాంట్లు అయ్యాయి. కథ పుట్టలేదు. ముప్ఫై ఏడూ చెప్పేసింది. చివరికి ఉక్రోషంతో నోటుబుక్కు మూసి మంచం మీదికి గిరాటేసింది.

"సరే. ఇంకొకటుంది. నోటుబుక్కులో లేదు. పదో తరగతి చదివే ఒక పిల్ల. ఒకరోజు వాళ్ళ నాన్న, ఇద్దర్లో ఒకరినే చదివించగలను అంటాడు. ఆ పిల్ల మాట్లాడకుండా తన పుస్తకాలు అటక మీద పెట్టేసి, మిషను ముందు కూర్చుంటుంది. చెల్లెలు చదువుకోవాలని. కుడుతుంటే కన్నీళ్ళు గుడ్డ మీద..."

మిషను ఆగింది.

చెల్లెలు బాబిను వైపు చూసింది. నిండుగా ఉంది. పైదారం తెగలేదు. అక్క కాలు పెడల్ మీద ఊరికే ఉంది.

"అది ఏడ్చిందని నీకెవరు చెప్పారే?" అంది అక్క.

"అందరూ. అమ్మ చెప్పేది, అత్తయ్య చెప్పేది. నువ్వు ఆ వేళంతా అన్నం తినలేదని..."

"తినలేదు. ముందే తినేశాను కాబట్టి. స్కూల్లోనే డబ్బా ఖాళీ చేసి వచ్చా." అక్క టేపు మెడలోంచి తీసి చేతికి చుట్టుకోవడం మొదలెట్టింది. "లెక్కల మాస్టారు రోజూ బోర్డు దగ్గర నిలబెట్టేవాడు. సుద్దముక్క చేతిలో ఇచ్చి, మర్చిపోయినట్టు గంటసేపు వదిలేసేవాడు. వెనకాల క్లాసంతా ఇకఇకలు. నాకు తొమ్మిదో ఏటి నుంచీ మిషనంటేనే ఇష్టం. నాన్న ఇద్దర్లో అనగానే, ఆయన మాట పూర్తి కాకముందే నేను మానేస్తానన్నాను. ఎక్కడ నువ్వు ముందు అనేస్తావోనని భయం. అటకెక్కించిన పుస్తకాలు మళ్ళీ దించుతారేమోనని మూట కట్టి మరీ పెట్టాను."

"మరి ఇన్నేళ్ళు చెప్పలేదేం?"

"ఎలా చెప్పను? వారం తిరక్కుండా నన్ను దేవతని చేసి కూర్చోబెట్టారు. చుట్టాలొస్తే తల నిమరడం, మంచి గుడ్డ నాకు, కిటికీ పక్క మంచం నాకు. దిగుతానంటే దించుతారా? తర్వాత సిగ్గేసింది. ఆ తర్వాత మర్చిపోయాను."

చెల్లెలికి నవ్వాలో అరవాలో తెలియలేదు. అరిచింది. "నాకు పీజీ సీటొచ్చింది తెలుసా నీకు? ఆ ఉత్తరం చింపేశాను! నీ కాళ్ళు అరగదీసుకుని నన్ను చదివించావని, ఇంకా నీ మీద పడి తినడమేంటని ఈ మీటర్లలో చేరాను! ఆరేళ్ళుగా మెట్ల కింద సాలెగూళ్ళు నెత్తినేసుకుంటున్నా!"

అక్క చేతిలో టేపు జారిపోయింది. "సీటొచ్చిందా? నాకు చెప్పావా?"

"నువ్వు చెప్పావా నాకు?"

"'అక్కా, నీకు కష్టంగా ఉందా' అని ఒక్కసారైనా నన్నడిగావా?"

"ఏమని అడగను? దేవతనెవరైనా అడుగుతారా?"

"చదువుకున్నదానివి, నీకు తెలివుండక్కర్లా?"

"చదువు తప్పించుకున్నదానివి, నీకైనా ఉండాలిగా!"

అవతలి గదిలోంచి బావ తొంగిచూసి, ఇద్దరి మొహాలూ చూసి, ఏ లిఫ్టు గురించీ చెప్పకుండా వెనక్కి వెళ్ళిపోయాడు.

కళ్ళు తుడుచుకున్నది చెల్లెలే. అక్క వంగి టేపు తీసుకుంది. మళ్ళీ మెడలో వేసుకుంది. కాలు మాత్రం కదల్లేదు.

"ఆ తర్వాత?" అంది.

"ఏం తర్వాత?"

"నీ కథలో. విషయం తెలిశాక ఆ చెల్లెలు ఏం చేస్తుంది?"

చెల్లెలు ఆ కాలి వంక చూసింది. ఇంకా ఆగే ఉంది. "తెలీదు," అంది. "రాయనా అక్కా?" అని అడిగింది.

"రాసుకో. ఆ పిల్ల ఏడ్చిందని మాత్రం రాశావో, నీ నోరు కుట్టేస్తాను. రెండు కుట్లేసి మరీ. ఇంకా పదకొండున్నాయి. బొత్తాలన్నీ నీవే."

తెల్లవారుజామున లేచి చెల్లెలు రాయడం మొదలుపెట్టింది. సుద్దముక్క రాసింది, ఖాళీ డబ్బా రాసింది, మూట కట్టిన పుస్తకాలు రాసింది. ఒక్కోచోట ఆగి, మిషను చప్పుడు మీదుగా కేకేసి అడిగింది. "మాస్టారి చేతిలో బెత్తముండేదా?" "లేదు, తాళంచెవుల గుత్తి." "నాన్న అప్పుడు నిలబడున్నాడా, కూర్చున్నాడా?" "గోడకానుకుని. నా వైపు చూడకుండా." పదకొండు గంటలకి కాయితాలన్నీ ఫోనులో ఫొటోలు తీసి పంపించి, సూది దారం పట్టుకుని బొత్తాల ముందు కూర్చుంది.

పావుతక్కువ పన్నెండుకి సంపాదకుడి ఫోను.

"కథ బావుందమ్మా. చాలా బావుంది. ఒక్కటే లోటు. అక్క పుస్తకాలు అటక మీద పెట్టేచోట కళ్ళు చెమర్చినట్టు రెండు వాక్యాలు వెయ్యి. పాఠకుల్ని అక్కడ పట్టుకోవాలి. ఐదు నిమిషాల పని."

చెల్లెలు మిషను వైపు చూసింది. ఆఖరి ప్యాంటు. అక్క తల ఎత్తలేదు, కాలు మాత్రం నెమ్మదించింది.

"వెయ్యనండీ."

"అదేంటమ్మా, పేజీ కట్టేస్తున్నారు. డాక్టరుగారి చిగుళ్ళు కూడా పక్కనే ఉన్నాయి."

ఒంటికథగారూ అన్న పిలుపు చెల్లెలి చెవిలో మోగింది.

"చిగుళ్ళే వేసుకోండి సార్, మీ ఇష్టం. ఆ పిల్ల ఏడవలేదండీ. నేను అడిగాను."

"ఎవరిని?"

"ఆ పిల్లనే."

అటువైపు విసుగ్గా ఒక నిట్టూర్పు, కాయితాలు తిప్పిన శబ్దం. "మొండిఘటానివి. సరే, ఉన్నదున్నట్టే వేస్తాను. ఉత్తరాలొస్తే నీకే పంపిస్తా, నువ్వే చదువుకో."

ఫోను పెట్టేసి చెల్లెలు మళ్ళీ సూది అందుకుంది.

"ఏమంటాడు?" అంది అక్క.

"వేస్తాడట."

"మంచిది. ఆ బొత్తం తిరగేసి కుట్టావు, విప్పు."