ఇరుసు పట్టేసిన ఆదివారం

మా ఫిన్లాండ్‌లో చలికాలమంతా రోడ్డు మీద ఉప్పు, ఎండాకాలమంతా కారు కింద తుప్పు, ఏడాది పొడుగునా మనిషికి తిప్పలు. ఆ ఆదివారం ఉదయం ఏడింటికి కారు ముందు చక్రం ఊడదీసి పెరట్లో కూర్చున్నప్పుడు మాత్రం, ఈ తిప్పలు గంటకి మించవనుకున్నాను. బేరింగ్ అరిగి చక్రం ఊగిపోతోంది. కొత్తది కొనిపెట్టుకున్నాను. ఇరుసు బయటికొస్తే చాలు.

ఒంటిగంటకి సరస్సు ఒడ్డు మంటపంలో డాన్సు. ఈ ఏటికి అదే ఆఖరు, మళ్లీ మే నెలదాకా తలుపులు తెరవరు. కిందటి ఆదివారం అక్కడ ఆకుపచ్చ గౌనావిడ ఒకరితో ఆడాను. నేను నోరు మూయని మనిషిని, నోరు తెరవని జనం మధ్య పుట్టాను. నాతో ఆడిన ఆడవాళ్లు రెండో పాట సగానికే గోడకేసి చూస్తారు. ఈవిడ నవ్వింది. పళ్లు కనపడేలా నవ్వింది. ఆచారం ప్రకారం రెండు పాటలయ్యాక బెంచీ దాకా దిగబెట్టి వచ్చేస్తుంటే, "వచ్చే ఆదివారం కూడా వస్తాను" అంది. మా దేశంలో అది దాదాపు పెళ్లిచూపులు. పేరు మాత్రం అడగలేదు. మీద పడ్డట్టుంటుందని.

నట్టు వదులైంది. ఇరుసు కదల్లేదు. చక్రం బిగించే హబ్బులో దాని పళ్లన్నీ తుప్పుపట్టి అతుక్కుపోయాయి. మర చెడకుండా నట్టును కొనదాకా తిప్పి, కర్రముక్క అడ్డుపెట్టి సుత్తితో కొట్టాను. నూనె పోశాను. మళ్లీ కొట్టాను. జీవితమంతా మాటలతో సుత్తి వేసినవాణ్ణి, నిజం సుత్తి వేస్తే పట్టించుకునే నాథుడు లేడు. పదైంది, పన్నెండైంది. నేనూ నా పెళ్లామూ ఒక్క సంతకంతో విడిపోయాం. ఈ రెండు ఇనప ముక్కలకే అంత ప్రేమ ఏమిటో!

కంచెకవతల ఓస్మో మెట్ల మీద కూర్చుని చేపల వల బాగుచేసుకుంటున్నాడు. పొద్దుట్నుంచీ నన్నే చూస్తున్నాడు. నేను చూస్తే వలకేసి చూస్తాడు. ఇరవయ్యేళ్లుగా మేం ఇరుగూ పొరుగూ. ఆవిరిగదిలో బట్టల్లేకుండా పక్కపక్కన కూర్చోడానికి మాకు సిగ్గు లేదు. సాయం అడగడానికి మాత్రం చచ్చేంత సిగ్గు.

ఒంటిగంట దాటింది. అక్కడ పాట మొదలై ఉంటుంది. రెండింటికి నా సిగ్గు చచ్చింది.

"ఓస్మో, పుల్లరుందా?"

"ఉంది."

"ఎప్పట్నుంచి?"

"తొంభై మూడు నుంచి."

"మరి పొద్దుట్నుంచీ చూస్తూ కూర్చున్నావేం, మహానుభావా?"

"నువ్వడగలేదుగా."

పట్టేసిన ఇనుమును ఊడదీసే ఆ మూడుకాళ్ల పుల్లరు తెచ్చి హబ్బుకి తగిలించాడు. మధ్య మరను ఇరుసు కొనకి ఆనించి బిగించాడు. గ్యాసు మంటతో హబ్బు చుట్టూ కాల్చాడు. ఇంకొంచెం బిగించాడు. నేను సుత్తి ఎత్తాను.

"అది కింద పెట్టు. బిగించి వదిలెయ్యాలి, దానికదే వస్తుంది. నువ్వు కూడా కాసేపు నోరు బిగించు. కాఫీ తాగుదాం."

రెండో కప్పు సగంలో ఉండగా తుపాకీ పేలినట్టు మోగింది. ఇరుసు ఊడింది! నేను గంతేశాను. ఓస్మో కప్పు కింద పెట్టాడు. అది అతని గంతు.

"ఇంకెంతసేపు?" అన్నాను.

"బేరింగు ఒత్తి ఎక్కించొద్దూ? రెండు గంటలు. ఏం, ఎక్కడికైనా వెళ్లాలా?"

"డాన్సుకి. అయిదింటికి అయిపోతుంది. ఒకావిడ వస్తానంది."

ఓస్మో గేటు దగ్గరున్న తన వ్యానుకేసి చూశాడు. నాకేసి చూశాడు. జేబులోంచి తాళాలు తీశాడు.

"పొద్దున్నే తీసుకెళ్లాల్సింది కదరా."

చేతులైనా కడుక్కోకుండా వ్యానెక్కాను.

డెబ్భై కిలోమీటర్లు. నాలుగు దాటాక చేరాను. టికెట్ల కిటికీలో ఇర్మెలి నా చేతులు చూసింది.

"ఏం బాబూ, బొగ్గు గనిలోంచి తిన్నగా ఇటేనా?"

"ఆకుపచ్చ గౌనావిడ లోపలుందా?"

"ఓహో, ఆ గట్టిగా మాట్లాడే ఆయన నువ్వేనా! వచ్చాడా, వచ్చాడా అని మూడుసార్లు అడిగింది. ఎవరితోనూ ఆడలేదు పాపం, ఈ తలుపు పక్కనే నించుంది. మూడున్నర బస్సెక్కి వెళ్లిపోయింది."

"పేరేంటి? ఏ ఊరు?"

"నేనెందుకడుగుతాను?"

టికెట్ కొనుక్కుని లోపలికెళ్లాను. మగవాళ్ల వైపు గోడ దగ్గర, నల్లటి చేతులు జేబుల్లో దాచుకుని, అయిదింటిదాకా నించున్నాను. వాయిద్యాలు పెట్టెల్లోకి వెళ్తుంటే ఇర్మెలిని కాగితం అడిగాను. పేరు, ఊరు, ఫోను నంబరు రాశాను.

"ఆవిడొస్తే ఇవ్వండి."

"మేలో ఇక్కడెవరుంటారో ఏమో, బాబూ. ఈ లోపలి గోడకి గుచ్చిపెడతాను."

గుచ్చింది. దీపం ఆర్పి, కిటికీ చెక్క కిందికి దించేసింది.