సీలు సారు వేసిన తాళం

మా బావ తాళాలు బాగుచేస్తాడు. మామూలుగా కాదు, ఆయన తాళం వైపు చూసి దగ్గితే చాలు, అది నోరు తెరుస్తుంది. ఒకసారి వీధిలో తుమ్మితే పదకొండు ఇళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. ఇది అబద్ధమైతే నా ఇస్త్రీపెట్టె ఇక వేడెక్కకూడదు.

అలాంటి మనిషి కొట్టుకే ఓ పొద్దున తాళం పడింది. వేసింది తనిఖీ ఆఫీసరు. రోజుకో కొట్టు మూయకపోతే తిన్నది అరగదని మేమంతా ఆయన్ని సీలు సారు అంటాం. బావ బోర్డు మీద తాళంచెవి బొమ్మ రెండు వేళ్ళు పొడవెక్కువైందట. కాగితం లేదు, గడువు లేదు. పనిముట్లన్నీ లోపలే ఉండిపోయాయి.

బావ జేబులోంచి తీగముక్క తీశాడు. "ఎంతసేపురా బామ్మర్దీ, రెప్ప కొట్టేలోగా తీసేస్తా."

పక్క గదిలో బట్టలు కుట్టుకునే మా అక్క మిషను ఆపి పరుగెత్తుకొచ్చింది.

"ముట్టుకున్నావో, నీ వేళ్ళు నా కత్తెరకే! కొత్త చట్టం వచ్చింది తెలీదా? మనలాంటి సొంతపనివాళ్ళ కొట్టు మూయాలంటే కారణం రాసివ్వాలి, సరిచేసుకోడానికి పదిహేను రోజులు గడువివ్వాలి. ఇవ్వకపోతే మూసినవాళ్ళే వచ్చి తెరవాలి. నువ్వు తీశావనుకో, తప్పు నీదవుతుంది, లైసెన్సు పోతుంది."

"నీకెవరు చెప్పారే?"

"దర్జీల సంఘంలో చదివి వినిపించారు. నువ్వు మీ సంఘానికి పోయి గురక పెడతావుగా!"

అక్క పైఆఫీసులో ఫిర్యాదు పెట్టింది. నాలుగు రోజులు బావ ఆ తాళం ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. వేళ్ళు దురదపెడితే తొడల కింద పెట్టుకున్నాడు. దగ్గు వస్తే నోరు నొక్కుకుని లోపలికే మింగేశాడు.

ఐదోరోజు పైఆఫీసు సీలు సారుకు గట్టిగా చెప్పింది. కారణం రాసిచ్చిన కాగితమన్నా చూపించాలి, సాయంత్రంలోగా కొట్టన్నా తెరవాలి. సారు చెమటలు కక్కుతూ వచ్చాడు. ఆయన తాళంచెవుల గుత్తి మొయ్యడానికే ఇద్దరు కావాలి. అందులో ఒక్కటీ తిరగలేదు. అసలుది ఎక్కడో పారేసుకున్నాడు.

"సుత్తి తెప్పిస్తా," అన్నాడు.

"తలుపు విరిగితే మీరే చేయించివ్వాలండీ. అదీ చట్టంలో ఉంది," అంది అక్క.

సారు గొంతు మెత్తబడింది. "ఏమయ్యా, నువ్వే తీసిపెట్టు."

"తీస్తాను సార్. కానీ తాళం ఎవరిదో వాళ్ళు పుస్తకంలో రాసి సంతకం పెట్టందే నేను ఏ తాళమూ ముట్టను. ముప్పై ఏళ్ళ అలవాటు. దొంగలకు తీసిపెట్టానన్న మాట రాకూడదు కదా?"

"నేను దొంగనా?"

"కాదని మీ చేత్తోనే రాయండి సార్."

నవ్వు బయటికి రాకుండా వీధంతా నోట్లో గుడ్డ కుక్కుకుంది. బావ పుస్తకం కూడా లోపలే ఉండటంతో అక్క తన కొలతల పుస్తకం తెరిచి పెన్ను అందించింది. సారు పళ్ళు కొరుకుతూ రాశాడు: తాళం నాదే, నేనే వేశాను, కారణం కాగితం ఇవ్వలేదు, ఇప్పుడు నేనే తీయిస్తున్నాను.

సంతకం పడగానే బావ మింగిన నాలుగు రోజుల దగ్గునూ ఒక్కసారిగా దగ్గాడు. తాళం ఊడి సారు బూటు మీద పడింది. అవతల నా ఇస్త్రీపెట్టె మూత కూడా తెరుచుకుంది.

పోయిన వారం సారు నా ఇస్త్రీబల్ల దగ్గరికి వచ్చాడు. బల్ల వీధిలోకి జానెడు వచ్చిందన్నాడు. సంచిలో చెయ్యి పెట్టాడు. తాళం తీస్తాడనుకున్నాను, పెన్ను తీశాడు! కారణం రాశాడు, గడువు రాశాడు. "ఇక్కడ వేలిముద్ర వెయ్యండి," అన్నాడు. నన్ను పట్టుకుని 'అండి' అని!

బల్ల ఆ పూటే లోపలికి జరుపుకున్నాను. కాగితాన్ని మాత్రం అక్క చేత మూడుసార్లు చదివించుకుని, ఒక్క మడత లేకుండా ఇస్త్రీ చేసి దాచుకున్నాను.