జంట మాత్రలు

యాభై దాటాక చేసుకున్న రెండో పెళ్ళి వాళ్ళది. కొత్త కాపురమంటే ఎవరికైనా మురిపెమే. ఆయన షుగరు మాత్ర, ఆమె థైరాయిడ్ మాత్ర, పొద్దున టిఫిన్ పళ్ళేల పక్కన చెరొకటి. "ఊఁ, కానీ!" అనుకుని ఇద్దరూ ఒకేసారి మింగేవారు. ఒంటరిగా ఉన్న రోజుల్లో ఆయన మాత్ర సంగతే మరిచిపోయేవాడట. ఇప్పుడు ఒక్కపూటా తప్పలేదు.

ఆయన షుగరు దిగింది. ఆమెకే రోజురోజుకీ ఒంట్లో సత్తువ చచ్చిపోతోంది. బట్టలు కుట్టే దుకాణంలో కటింగ్ ఆమె పని. మెట్లెక్కితే కాళ్ళు ఈడ్చుకుపోతాయి, కత్తెర పడితే కళ్ళు మూతలు పడతాయి. మొన్న ఒకే చొక్కాకి రెండూ ఎడమ చేతులే కత్తిరించింది.

"కొత్త పెళ్ళికూతురివి, పరధ్యానం ఉంటుందిలే అక్కా," అన్నాడు యజమాని. తర్వాత నవ్వు మానేశాడు. "ఇంకోసారి ఇలాగైతే కత్తెర వేరేవాళ్ళకిస్తాను."

ఆ కత్తెరే ఇన్నేళ్ళూ ఆమెకి కూడుపెట్టింది. సాయంత్రం డాక్టరు దగ్గర కూలబడింది. "మోతాదు పెంచండి బాబూ, నావల్ల కావడం లేదు."

డాక్టరు రక్తపరీక్ష కాగితం చూసి, "మాత్ర ఎలా వేసుకుంటున్నారమ్మా?" అన్నాడు.

"మా ఆయనతో కలిసి."

"ఆయనతో సరే, దేనితో?"

"టిఫిన్‌తో, పాల కాఫీతో. పక్కన కాల్షియం బిళ్ళ."

డాక్టరు తల పట్టుకున్నాడు. "ఇంకేం ఒంటబడుతుంది? పరగడుపున మంచినీళ్ళతో వేసుకోండి. కాఫీ, టిఫిన్ ఓ గంటాగి. కాల్షియం మధ్యాహ్నానికి మార్చండి. ముందిలా చేసి మళ్ళీ పరీక్షకి రండి. ఓపిక రావడానికి కొన్ని వారాలు పడుతుంది."

ఇంటికొచ్చి విషయం చెబుతూనే ఆమె దిగులుపడింది. తను పక్కన లేకపోతే ఈయన మళ్ళీ మొదటికొస్తాడేమో!

"అయితే మాత్రలకి విడాకులా?" అన్నాడాయన.

"నవ్వకండీ. మీ మాత్రకి తిండి కావాలి, నా మాత్రకి ఖాళీ కడుపు కావాలి. ఏం చెయ్యను?"

"నీది నువ్వు వేసుకో. నువ్వెళ్ళాక టిఫిన్‌తో నాది నేనే మింగి, దుకాణానికి ఫోన్ చేసి చెప్తా. సరేనా గురువుగారూ?"

మర్నాడు లేవగానే మాత్ర మింగి, కాఫీ వాసన లేని గంటని జీవితంలో మొదటిసారి భరించింది. ఒళ్ళు మాత్రం నిన్నటిలాగే బరువు. దుకాణంలో అడుగుపెట్టగానే యజమానితో చెప్పేసింది: "ఒంట్లో బాలేదు బాబూ. మందు పట్టేదాకా కొన్నాళ్ళు చొక్కాలొద్దు. దిండు గలీబులివ్వు, తిన్నగా కోస్తాను."

అతను గొణుక్కుంటూనే తెల్లగుడ్డ తాను ఆమె ముందుకి తోశాడు. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. సగం గుడ్డ కోసిందో లేదో, ఫోను మోగింది.

"మింగేశా," అన్నాడాయన, నోటినిండా టిఫిన్‌తో.

"నమిలి మాట్లాడండి," అంది ఆమె. నీరసంలోనూ నవ్వొచ్చింది.