హాల్లో అన్న మాట

రాజమండ్రిలోని ఆ కంటి ఆసుపత్రికి లేజర్ మిషను వచ్చి రెండేళ్లయింది. కళ్లద్దాలు వదిలించుకోవాలని వచ్చేవాళ్లలో ఎవరికి ఆపరేషను పనికొస్తుందో తేల్చే పరీక్షలు టెక్నీషియను సూర్యకళ చేసేది. కంటి పరీక్షల్లో పదేళ్ల అనుభవం. అబద్ధమాడేవాళ్లను ఇట్టే పట్టేస్తానని ఆవిడ ధీమా.

రామచంద్రపురం నుంచి దుర్గాశ్రీ అనే కాన్వెంటు టీచరు తల్లి లోవమ్మతో వచ్చింది. ఇరవై రెండేళ్లుంటాయి. పరీక్షకు ముందు రెండు వారాలు కాంటాక్ట్ లెన్సులు పెట్టకూడదు. పెడితే నల్లగుడ్డు మీది పొర ఆకారం మారి కొలతలు తప్పొస్తాయి. దుర్గాశ్రీ కొలతలు అలాగే వచ్చాయి.

"లెన్సులు పెట్టావు కదూ?"

"లేదండీ. మీరు ఫోనులో చెప్పిన రోజే తీసేశానండి."

సూర్యకళ నమ్మలేదు. మళ్లీ రెండు వారాలకు రమ్మంది. ఆ పిల్ల వచ్చింది. పరీక్ష మిషనులో కంటిపొర బొమ్మ మళ్లీ వంకరగానే వచ్చింది. బయట ముప్పైమంది కూర్చుని ఉండగా సూర్యకళ కాగితం పట్టుకుని విసురుగా హాల్లోకి వచ్చింది.

"ఏమ్మా, సోకులకి లెన్సులు పెట్టుకు తిరుగుతూ నాకు అబద్ధాలు చెబుతావా? మిషను ఊరుకుంటుందా?"

లోవమ్మ కూతురి వంక చూసింది. "నాక్కూడా అబద్ధమే చెప్పావన్నమాట" అంటూ అందరి ముందూ చెంప మీద కొట్టింది. దుర్గాశ్రీ ఏడవలేదు. జారిన కళ్లద్దాలు సరిచేసుకుని మెట్లు దిగిపోయింది.

ఆ సాయంత్రం డాక్టరు శ్రీరామరాజు గారు దుర్గాశ్రీ రెండు పరీక్షల కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశారు.

"ఈ అమ్మాయి లెన్సులు పెట్టలేదు సూర్యకళా. ఇది జబ్బు. పొర పల్చబడి ముందుకు పొడుచుకొస్తోంది. లేజర్ చేస్తే ఉన్న చూపు కూడా పాడవుతుంది. మొదటిసారే నాకు చూపించాల్సింది."

ఆయన గొంతు పెంచలేదు. సూర్యకళకు మాత్రం తల ఎత్తడానికి మొహం చెల్లలేదు.  మర్నాడు పొద్దున్నే కాన్వెంటుకు తనే ఫోను చేసి, తల్లీకూతుళ్లను రమ్మంది.

డాక్టరు గారు జబ్బు సంగతి చెప్పి పంపాక, సూర్యకళ దుర్గాశ్రీని పరీక్ష గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది.

"తప్పు నాదమ్మా. ఏమీ అనుకోకు."

"నన్నన్నది బయట కదండీ" అంది దుర్గాశ్రీ నెమ్మదిగా.

 సూర్యకళ తలుపు తీసింది. లోవమ్మ ఎదుట నిలబడి, హాలంతా వినబడేలా చెప్పింది. "మీ అమ్మాయి నిజమే చెప్పిందండి. నేనే అన్యాయంగా మాట అన్నాను."

కూర్చున్నవాళ్లు తలలెత్తి చూశారు. అందరూ కొత్తవాళ్లే. ఆ రోజు విన్నవాళ్లలో ఒక్కరూ అక్కడ లేరు.

లోవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా పిల్లని నేనే నమ్మలేదు కదమ్మా" అంది సూర్యకళతో. 

ఈ జబ్బుకని డాక్టరు గారు రాసిచ్చిన గట్టి కాంటాక్ట్ లెన్సులతో దుర్గాశ్రీ చూపు కుదురుకుంది. ఆరు నెలలకోసారి వచ్చేది. వచ్చినప్పుడల్లా, ఎంతసేపైనా కూర్చుని, రెండో టెక్నీషియను దగ్గరే పరీక్ష చేయించుకునేది. ఎందుకని సూర్యకళ ఎప్పుడూ అడగలేదు.