త్రికోణం లేని హెడ్డు

మూతి సన్నగా ఉన్న సీసా మెడ లోపలి జిడ్డు కంటికి కనిపించదు, వేలికి కనిపిస్తుంది. ఆమె చిటికెన వేలు లోపలికి పోనిచ్చి, కళ్లు మూసుకుని, జిడ్డు ఇంకా ఎక్కడ పట్టుకుందా అని వెతుకుతోంది. పెరటి షెడ్డులోంచి భర్త గొంతు వినిపించింది.

"లోపల ఎంత నునుపు తేలిందో చూడండి డాక్టరమ్మగారూ! ఈ చేతి మహిమ అలాంటిది."

అతను చూపిస్తున్న ఆ సన్నటి ఇనుప దారిలో ఆ చేతి వేళ్లు పట్టనే పట్టవు. ఆమెకు నవ్వొచ్చింది.

భర్త పాత కార్ల మేస్త్రి. ఇంజను నెత్తిన కూర్చునే బరువైన ఇనుప దిమ్మని సిలిండర్ హెడ్డు అంటారు. కాలిన పొగ బయటికి పోయే దారులు, అవే ఎగ్జాస్ట్ పోర్టులు, దాంట్లోనే ఉంటాయి. పాత హెడ్డుల్లో ఆ దారులు గరుగ్గా, మలుపు దగ్గర గట్టు కట్టి ఉంటాయి. పొగ అక్కడ తడబడుతుంది, ఇంజను ఆయాసపడుతుంది. పెళ్లయిన కొత్తలో ఒకనాడు, "నా వేలు పోవట్లేదే, నీ చిటికెన వేలు పెట్టి చూడు" అన్నాడతను. చూసి, ఎక్కడ తగులుతోందో చెప్పింది. కొన్నాళ్లకి వేలుతో పాటు, ఇనుము అరగదీసే గ్రైండరు కూడా ఆమె చేతికే వచ్చింది. వచ్చినవాళ్లతో మాత్రం, "మా ఆవిడ కాస్త సాయం చేస్తుంది" అనేవాడు. ఆ కాస్తలో ఆమె మధ్యాహ్నాలన్నీ పట్టాయి. "గిన్నెలైనా గొట్టాలైనా తోముడేగా, దానికో గొప్పా?" అనేది అత్తగారు, కూరలో ఇనుప రజను పడిందేమోనని గరిటెతో కెలుకుతూ. అదే అత్తగారు, కోడలు షెడ్డులో ఉన్నంతసేపూ పొయ్యి మీద పాలు కనిపెట్టుకుని ఉండేది. ఆ సంగతి మాత్రం పొరపాటున కూడా నోటితో అనేది కాదు.

వీటన్నిటి మధ్యా ఆమెకి ఆ పని ఇష్టమైపోయింది. ఎవరితోనూ చెప్పలేదు, చెబితే ఇష్టమైన పనికి మళ్లీ విశ్రాంతి ఎందుకంటారని. దారిని పెద్దది చేయడం ఎవరికైనా వచ్చు. గట్టు ఎక్కడుందో అక్కడే అరగదీసి, మలుపు మలుపులాగే ఉంచి, పొగ తనంతట తాను జారిపోయేలా చేయడంలో ఉంది రుచి. పని పూర్తయ్యాక వేలు పెడితే ఎక్కడా ఆగకుండా వంపు వెంట జారుతుంది. పసిబిడ్డ చెవి వెనక తడిమినట్టుంటుంది. ఆ హాయి ఆమెది. గుర్తు మాత్రం ఆమెది కాదు. హెడ్డు పూర్తి చేసినవాళ్లు పొగ గొట్టం బిగించే చోటికి కింద, అంచు మీద తమ గుర్తు పొడవడం ఆ షెడ్డు ఆనవాయితీ. మామగారిది నక్షత్రం, భర్తది త్రికోణం. ఆమె అరగదీసిన ప్రతి హెడ్డు మీదా త్రికోణమే.

"ఎలా చేస్తారో కాస్త చూపించండి మేస్త్రీ" అంటోంది పళ్ల డాక్టరమ్మ. షెడ్డులో హెడ్డు విప్పి ఉన్న పాత కారు ఆవిడ తండ్రిది. ఆ హెడ్డు పాడైతే అలాంటిది ఇంకెక్కడా దొరకదు.

గ్రైండరు మోగింది. గొప్ప చెప్పుకున్నాక చూపించక తప్పుతుందా! ఆమె సీసా కడుగుతూ విన్నది. చప్పుడు ముందు నిండుగా ఉంది. తర్వాత సన్నబడింది. ఆ తర్వాత ఖాళీ డబ్బా మీద గోరు గీసినట్టయింది. సీసా వదిలేసి తడి కాళ్లతో పరుగెత్తి స్విచ్ కట్టేసింది.

"ఏంటే ఇది, పెద్దమనిషి ముందు?" అన్నాడు భర్త. "వెళ్లు, స్టవ్ మీద పాలున్నాయి చూసుకో."

ఆమె వెళ్లలేదు. చేయి తుడుచుకుని పోర్టులో వేలు పెట్టింది. "గోడ పల్చబడిపోయింది. దీని అవతలే ఇంజనుని చల్లబరిచే నీళ్లు తిరిగేది. ఇంకొక్క పట్టు పడితే చిల్లే."

"లోపల చూడకుండానే ఎలా తెలిసిందమ్మా?" అంది డాక్టరమ్మ.

"చప్పుడు మారిందండీ."

డాక్టరమ్మ మొహం విప్పారింది. "మా డ్రిల్లూ అంతే! నరం దగ్గరికెళితే మారుతుంది. కాకపోతే మా దగ్గర మనిషి అరుస్తాడు, పాపం ఇది అరవలేదు." నవ్వి, అతని వైపు తిరిగింది. "ఇంతకీ ఈ పని ఎవరి చేతిది మేస్త్రీ?"

అతను పాత గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడుచుకున్నాడు. వంటింటి గుమ్మంలోంచి అత్తగారి గొంతు వచ్చింది. "పాలు నేను దించేశాలే అమ్మాయ్. నీ పని నువ్వు చూసుకో!"

నీ పని. ఆ ఇంట్లో ఆ మాట ఆమె మొదటిసారి వింది. భర్త కూడా విన్నాడు. గ్రైండరు ఆమె వైపు జరిపాడు. "ఈవిడదేనండీ" అన్నాడు, గొంతు సవరించుకుని. "మొదట్నుంచీ."

ఆమె పల్చబడిన చోటు ముట్టకుండా, దాని చుట్టూ అంచుని మాత్రం మెల్లగా వంపులో కలిపింది. వేలు పెడితే ఎక్కడా ఆగకుండా జారింది. అలవాటు కొద్దీ అతను త్రికోణం అచ్చు అందించాడు. ఆమె దాన్ని బల్ల మీదే పెట్టేసి, ఉత్త ఉలి తీసుకుంది.

"హెడ్డు కదలకుండా కాస్త పట్టుకోండి."

అతను రెండు చేతులా పట్టుకున్నాడు. చిటికెన వేలి గోరంత నెలవంక ఒకటి ఇనుములో దిగింది.

కారు మొదటిసారి ఊపిరి తీసుకున్న రోజు, ఇంజను పాటలా నడుస్తోంటే డాక్టరమ్మ అతన్ని ఆట పట్టించింది. "మరి ఇందులో మీరేం చేశారు మేస్త్రీ?"

అతను భార్య వైపు చూసి నవ్వాడు. "నేనాండీ? కాస్త సాయం చేశాను."