ఫ్లెక్సీ రాణికి పుట్టింటి సారె

ఏడువందల ఇరవై పేజీల చరిత్ర నవలని నాలుగు రోజుల్లో, ఒక్క అక్షరం వదలకుండా చదివినవాడు ఉయ్యూరు చుట్టుపక్కల ఎవడైనా ఉన్నాడంటే అది నేనే, రామకోటేశ్వరరావుని. నా చదువు ఎనిమిదో తరగతి. అదీ మా ఊరి బళ్ళోనే. కళ్ళజోడు మాత్రం బెజవాడది.

పుస్తకం తెచ్చింది మా మనవరాలు మనోజ్ఞ. భవానీపురంలో వాళ్ళ నాన్న దగ్గరుండి కాలేజీకి వెళ్తోంది. సెలవులకి వస్తే సంచిలో బట్టల కంటే పుస్తకాలే ఎక్కువ. ఈసారి తెచ్చింది రెండువేల ఏళ్ళ కిందటి ఓ రాణి కథ. రాణి పేరు నాగసిరి. కృష్ణ ఒడ్డున ఏదో పల్లెలో చిన్న దొరగారి చెల్లెలు. కొండల అవతలి రాజుకిచ్చి చేస్తారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మనోజ్ఞ వసారాలో కూర్చుని పైకి చదివేది. మా ఆవిడ వెంకటరత్నమ్మతో పాటు వీధిలో ఆడవాళ్ళంతా బియ్యం చేటలతో సహా దిగబడేవాళ్ళు. ఆ నాలుగు రోజులూ మా వీధిలో టీవీలు మోగలేదంటే చూసుకోండి.

రాణిగారికి అన్నీ ఉన్నాయి. ఏనుగులు, దంతపు దువ్వెనలు, కాళ్ళొత్తడానికి నలుగురు దాసీలు. లేనిదల్లా పుట్టింటి పిలుపు. పన్నెండేళ్ళయినా అన్న పిలవడు. "రాణి అయింది కదా, దానికి వేరే పిలుపేమిటి, కావాలంటే అదే వస్తుంది" అంటాడు. ఆవిడేమో మేడెక్కి దారి చూస్తూ ఉంటుంది.

"వాడి నోరు పడిపోను! ఒక్క మాట పిలిస్తే అరిగిపోతాడా?" అంది వెంకటరత్నమ్మ, చేటలో రాయిని ఏరి ఆ అన్న మీదకే విసిరినట్టు విసిరి.

"అలాంటి అన్నని ఏనుగుచేత తొక్కించాలి" అన్నాను నేను అందరికంటే గట్టిగా.

మనోజ్ఞ పుస్తకంలోంచి తలెత్తింది. "తాతయ్యా, చల్లపల్లి మామ్మ పోయిన నెల ఆయాసంతో ఆస్పత్రిలో చేరిందటగా. చూసొచ్చావా?"

చల్లపల్లి మామ్మంటే నా చెల్లెలు మణెమ్మ. పదకొండేళ్ళ కిందట ఈ ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశానికి పాలు పొంగించాల్సింది ఇంటి ఆడపడుచు. మణెమ్మకి శుభలేఖ బస్సు కండక్టరు చేత పంపాను. అది రాలేదు. "అన్నా వదినా వచ్చి బొట్టుపెట్టి పిలిస్తే తప్ప ఆ గడప తొక్కను. నా ప్రాణం పోయినా సరే" అని కబురు పెట్టింది. నాకూ పౌరుషం వచ్చింది. అక్కడితో రాకపోకలు ఆగిపోయాయి.

"అదీ ఇదీ ఒకటేనా? పరాయివాళ్ళని పిలవాలిగానీ సొంతమనిషిని పిలుస్తారటే?" అన్నాను.

"రాణిగారి అన్న కూడా ఇదే అన్నాడు తాతయ్యా. నూట నలభయ్యో పేజీ."

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మాట మళ్ళించకపోతే నా పని అయిపోయేలా ఉంది. "అది సరేగానీ, అసలు ఆ నాగసిరిది ఏ ఊరనుకున్నారు? మన ఊరే!" అనేశాను. అని ఊరుకున్నానా? మా తాత బావి తవ్విస్తుంటే మూరెడు పొడుగు ఇటుక దొరికిందన్నాను. దాని మీద ఆడమనిషి పాదం అచ్చు పడి ఉందన్నాను. మెట్టెలతో సహా!

"ఆ ఇటుకేదండీ?" అంది వెంకటరత్నమ్మ.

"పశువుల కొట్టం గోడలో పెట్టేశారు. ఆ కొట్టం తుపానుకి పోయింది."

సాయంత్రానికి ఊరు ఊరంతా నమ్మింది. మా వార్డు మెంబరు దుర్గాప్రసాద్ ఆయాసపడుతూ వచ్చాడు. "బాబాయ్, రాణిగారు మన ఊరి ఆడపడుచంటగా! ఇన్నాళ్ళూ చెప్పవేం? ఆషాఢంలో బెజవాడ కొండమీద అమ్మవారికి ఊరూరి నుంచీ సారె వెళ్తుంది కదా, మన ఆడపడుచుకి మనం పెట్టుకోవద్దూ? రెండువేల ఏళ్ళ బకాయి!"

"సారె ఎవరికిస్తావురా? ఆవిడ లేదు కదా."

"ఫ్లెక్సీ ఉంటుందిగా బాబాయ్!"

ఫ్లెక్సీ వచ్చింది. పన్నెండడుగుల ఎత్తు. మధ్యలో పుస్తకం అట్ట మీది రాణిగారు. ఆవిడకి కుడివైపు, ఆవిడకంటే పెద్దగా, చేతులు జోడించిన దుర్గాప్రసాద్. కింద వరసగా పాతికమంది కుర్రాళ్ళ ముఖాలు. పైన ఎర్రక్షరాలతో: "రాణి నాగసిరి గారికి స్వగ్రామ ప్రజల ఘనస్వాగతం". అది చూసి పక్కూరివాళ్ళు, రాణిగారి అమ్మమ్మ తమ ఊరిదని ఇంకో ఫ్లెక్సీ కూడా కట్టారు.

ఫ్లెక్సీ ముందు వేసిన పందిట్లోకి సారె ఘనంగానే వచ్చింది. పట్టుచీర, గాజులు, పసుపు, కుంకుమ, చలిమిడి, గంపెడు సున్నుండలు. అన్న స్థానంలో పిలవడానికి పెద్దవాణ్ణని నన్ను నిలబెట్టారు. మైకు ఇచ్చారు. నా గొంతు సంగతి తెలుసుగా, కాలవ అవతలికి వినబడింది. "అమ్మా నాగసిరీ! మాది తప్పయింది తల్లీ! పుట్టింటికి రామ్మా!" ఆడవాళ్ళు ముక్కులు చీదారు. కుర్రాళ్ళు ఫోన్లలో తీశారు.

గంట తిరక్కుండా నా ఫోను మోగింది. పదకొండేళ్ళ తర్వాత ఆ గొంతు.

"అన్నయ్యా, వీడియో చూశాను. బాగా పిలిచావు."

"మణీ..."

"ఏం లేదు, ఒక్కటే అడుగుదామని. ఫ్లెక్సీ సున్నుండలు తింటుందా?" అని పెట్టేసింది.

ఇక్కడ ఓ మాట ఒప్పుకోవాలి. ఏడువందల ఇరవై పేజీలూ చదివానన్నాను కదా. చదివింది రెండే పేజీలు. మొదటిదీ, చివరిదీ. మధ్యలోది పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని విన్నాను. అందులోనూ సగం గురక. ఆఖరికి ఏమవుతుందో తెలిస్తే నిద్ర హాయిగా పడుతుందని ముందే చివరి పేజీ తిప్పాను. అందులో అన్న వస్తాడు. రెండు బళ్ళ నిండా సారెతో వస్తాడు. కోట వాకిట్లో కాపలావాడు దణ్ణం పెట్టి, "రాణిగారు పోయి నాలుగు రోజులైందయ్యా" అంటాడు. అంతే. ఆ పేజీ ముందే చూసిన సంగతి నేనెవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే పందిట్లోకి వెళ్ళి గంప ఎత్తుకున్నాను.

"బాబాయ్! అది రాణిగారిది!" అని అడ్డం వచ్చాడు దుర్గాప్రసాద్.

"ఆవిడ పంపించమందిరా" అని, వెంకటరత్నమ్మని వెంటబెట్టుకుని చల్లపల్లి బస్సెక్కాను. మా ఆవిడ కుంకుమభరిణె పదకొండేళ్ళుగా సిద్ధంగా పెట్టుకున్నట్టుంది, నేను చెప్పులు వేసుకునే లోపే చేతిలో ఉంది.

మణెమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. చిక్కి సగమైంది. లేవలేదు. "ఎవరండీ తమరు? రాణిగారి అన్నగారా?" అంది.

వెంకటరత్నమ్మ గబగబా వెళ్ళి బొట్టుపెట్టి, "వదినా, రా" అంది. ఇక నేననాలి. మైకులో కాలవ దాటిన గొంతు ఆ రెండు గజాల దూరం దాటనంది.

"మణీ, ఇంటికి రావే."

"ఏ ఇంటికి?"

"మనింటికి."

"పాలు పొంగిపోయాయిగా."

"మళ్ళీ పొంగిద్దాం. పొయ్యి ఎక్కడికీ పోలేదు."

అది గంపలోకి చూసింది. చీర మడత విప్పింది. "ఇది ఆవిడకి కొన్నదేగా?"

"అవునే. పన్నెండడుగుల మనిషి, చుట్టు తిరగలేదు."

అప్పుడు మణెమ్మ భోరుమంది. మేమిద్దరం పట్టుకుని ఓదారిస్తేగానీ ఊరుకోలేదు. మధ్యాహ్నం బస్సుకి ముగ్గురం కలిసి వచ్చాం. ఆ సాయంత్రం మా ఇంట్లో మణెమ్మ చేత్తో పాలు పొంగాయి.

ఇందులో ఒక్క ముక్క నేను కల్పించాను. ఇటుక అనుకుంటున్నారేమో, ఆ ఇటుక మాట నేనిప్పుడు ఎత్తను, ఊరంతా నమ్మాక అది నా ఒక్కడి అబద్ధం కాదు. నేను కల్పించింది మణెమ్మ ఏడుపు. అది ఏడవలేదు. చీర భుజాన వేసుకుని పకపకా నవ్వింది. భోరుమన్నది నేను. ఓదార్చింది వాళ్ళిద్దరూ.