ఆకలైన మనిషి కావలెను

ఆ ఏడు మా ఊళ్లో వాన పడింది. ఇదీ ఒక కథేనా అని కోస్తా జిల్లాలవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోనీండి. ముదిగుబ్బ చుట్టుపక్కల వానంటే గొప్పింటి చుట్టం. వస్తున్నానని కబురు పెడుతుంది, రాదు. వచ్చినా వాకిట్లో నిలబడే రెండు మాటలు చెప్పి వెళ్లిపోతుంది. ఆ ఏడు మాత్రం వచ్చి, కాళ్లు కడుక్కుని, మంచమెక్కి కూర్చుంది.

చెనిక్కాయ, అదే వేరుశనగ, బాగా పండింది. దానికి తోడు గట్ల మీద, కంచెల మీద, పెంటదిబ్బల మీద, ఆఖరికి పంచాయతీ ఆఫీసు మెట్ల పక్కన కూడా చిక్కుడులాంటి అనప తీగ పాకింది. చలికాలం వచ్చేసరికి ఎక్కడ చూసినా అనపకాయలే. ఇంటింటా ఆడవాళ్లు గింజలు వొలిచి, నానబెట్టి, వేళ్ల మధ్య పితికి తొక్క తీసి పితికిపప్పు వండారు. మొదటి వారం ఊరంతా పండగ. రెండో వారానికి ఊరంతా వాయువు. భజన గుడిలో పెద్దమనుషులు ఒకరికొకరు ఎడంగా కూర్చోవడం మొదలుపెట్టారు. మధ్యలో ఏదైనా వింత చప్పుడు వినిపిస్తే అందరూ కలిసి మద్దెలవాడి వైపు చూసేవాళ్లు.

నా పేరు శాంతమ్మ. ఆ పేరు పెట్టినవాళ్లు నేను పెద్దయ్యాక చూసుంటే మార్చేసేవాళ్లు. బస్సు ఆగే చోట మా అంగడి ఉంది. మా ఆయన మల్లికార్జునయ్య గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు, తక్కిన పనంతా నాది. మాకు గజం భూమి లేదు. తరతరాలుగా ఇంకొకరు పండించింది అమ్ముకుని బతికినవాళ్లం.

ఊరంతా పప్పు తింటున్న ఆ రోజుల్లో మా ఇంట్లో ఏం తిన్నామో చెప్పాలంటే నాకే సిగ్గు. ఓట్సు. మా ఆయనకు సుగరొచ్చింది. అనంతపురం డాక్టరు తెల్లన్నం తగ్గించి జొన్నో, కొర్రో, రాగో తినమన్నాడు. ఈయనకు మాత్రం అంగట్లో మూలన పడున్న ఓట్సు పెట్టె గుర్తొచ్చింది. ఎవరో ఏజెంటు మాటలకు పడిపోయి తెప్పించాడు, ఒక్కడూ కొనలేదు, డేటు దగ్గర పడింది. "ఇదీ ధాన్యమే గదా" అన్నాడు. ఒకే పొయ్యి, ఒకే గిన్నె, కాబట్టి సుగరు లేని నాకూ అదే. ఎన్నికలప్పుడు గోడలకు పోస్టర్లు అంటించే మైదా జిగురుంటుంది చూడండి, అందులో ఉప్పేస్తే ఆ రుచి వస్తుంది. ఊళ్లోవాళ్లు అభిమానంగా తెచ్చిచ్చిన అనపకాయలేమయ్యాయంటారా? మూటగట్టి కదిరి సంతకు పంపించేశాడు మహానుభావుడు.

నా గోలకేం గానీ, అసలు చెప్పాల్సింది తిప్పన్న సంగతి. గుట్ట కింద అతనికి చిన్న చేనుంది. ఏటా విత్తుతాడు, ఏటా ఎండుతుంది. ఎండగానే ఆలుమగలిద్దరూ బెంగళూరు పోయి కట్టడాల దగ్గర ఇటుకలు మోస్తారు. మళ్లీ మబ్బు పట్టే వేళకు ఆశ చంపుకోలేక తిరిగొస్తారు. ఊళ్లో పెళ్లయినా, దేవర జాతరైనా, ఎవరింట తిథయినా తిప్పన్న వడ్డించడానికి ముందుంటాడు, విస్తరి ముందు అందరికన్నా చివర కూర్చుంటాడు. తను తిన్న ఇళ్లకు తిరిగి ఒక్క ముద్ద పెట్టే రోజు రాలేదని అతనికి లోపల బాధ. అతని పెళ్లాం నల్లమ్మకు అలాంటి బాధలేవీ లేవు. "పెట్టినారు, తిన్నాం, అయిపాయ" అంటుంది.

ఆ ఏడు తిప్పన్న చేను కూడా విరగకాసింది. నల్లమ్మ పొయ్యి మీద చట్టి ఎక్కించింది. అక్కడే వచ్చింది చిక్కు. తిప్పన్న తల్లి పోతూ పోతూ కొడుక్కొక కట్టుబాటు పెట్టి పోయింది. తన చేలో పండింది మొదట బయటి మనిషి తినాలి, ఆ తర్వాతే ఇంట్లోవాళ్లు ముట్టాలి. ఊరికే నోట్లో వేసుకుంటే చాలదు, ఆకలితో తినాలి. ఆమె కాలంలో ఇది చాలా సులువైన కట్టుబాటు. అప్పట్లో తలుపు తీస్తే ఆకలైనవాళ్లే కనిపించేవాళ్లు.

తిప్పన్న పప్పు చట్టి మీద సంగటి ముద్దల పళ్లెం మూతపెట్టి, మొదట మా అంగడికి ఎదురింటి ఎలిజబెత్ దగ్గరికి పోయాడు. ఆమె గడపలో కూర్చుని కాయలు వొలుస్తోంది. ఏం కాయలో చెప్పనక్కర్లేదు.

"అక్కా, మా చేన్లో పండిన పప్పు. తిను" అన్నాడు.

"ఇప్పుడే తిన్నా తిప్పన్నా. మా ఇంట్లో గూడా అదే. అయినా తే, నువ్వు తెస్తే వద్దంటానా?" అని ఎలిజబెత్ ఒక ముద్ద తిని, "బో బాగుండాది" అంది.

తిప్పన్నకు అనుమానమొచ్చింది. "ఆకలై తిన్నావా, నా మొగం జూసి తిన్నావా?"

"ప్రభువు మీద ఒట్టేసి అబద్ధం యాడ చెప్పేది? నీ మొగం జూసే."

"అట్లయితే లెక్కలోకి రాదు" అని తిప్పన్న చట్టి ఎత్తుకున్నాడు. ఎలిజబెత్ ఊరుకుంటుందా? తన ఇంటి పప్పు ఇంకో చట్టి నిండా పోసి అతని చేతిలో పెట్టింది. పెట్టడానికి పోయిన మనిషి రెండు చట్లతో వెనక్కి వచ్చాడు.

మరుసటి రోజు భజన గుడి దగ్గరికి పోయాడు. అక్కడ సగం మంది అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు. "బయట వండింది తినగూడదు స్వామీ" అన్నారు. మాల లేనివాళ్లకు ఈ సాకు బాగా నచ్చింది. వాళ్లలో శివప్ప అనేవాడు మెడ తడుముకుని, "రేపేసుకుంటాండా" అన్నాడు. ఆ పూట నల్లమ్మ విసిగిపోయి ఒక ముద్ద వీధి కుక్క ముందు పెట్టింది. "ఇదీ బయటిదే గదా. తింటే లెక్కే" అంది. కుక్క వాసన చూసింది, మర్యాదకు తోక ఊపింది, పక్క వీధికి పోయింది. దానికీ ఇంటింటా పప్పే.

నల్లమ్మ మా అంగట్లో ఉప్పు కొనడానికి వచ్చినప్పుడల్లా నా దగ్గర కడుపు చించుకునేది. "మా చేన్లో పండింది పక్కన బెట్టి ఎలిజబెత్తక్క ఇంటిది తింటాండాం శెట్టెమ్మా. దినామూ వండేది నేను, వాసన జూసేది నేను. కాయలు ముదిరిపోతాండాయి. ఇంకో వారం పోతే పితకనీకి గూడా రావు. వచ్చే ఏడు వాన పడుతుందని ఏ దేవుడన్నా రాసిచ్చినాడా?"

అంత మాటన్నాక ఆమె కళ్లు తుడుచుకుంది. నాకు ఆ మాట పట్టుకుంది. నిజమే, మళ్లీ ఎన్నేళ్లకో. ఈ చాదస్తుడు పెట్టకా పోయె, పెళ్లాన్ని తిననివ్వకా పోయె. వెళ్లి నాలుగు తిట్టాలనిపించింది. తిట్టాను కూడా. "ఏమప్పా, పోయినోళ్ల మాట కోసం ఉన్నోళ్ల కడుపు మాడుస్తావా?" అని అడిగాను. "మాయమ్మ మాట ఒక్కటే గాదు శెట్టెమ్మా. నేను గూడా ఒక మనిషికి కడుపునిండా పెట్టల్ల. ఒక్కసారి" అన్నాడు తిప్పన్న.

బస్సుల్లో తిరిగేవాళ్లకైనా ఆకలవుతుందని అతనికి తోచింది. మిట్టమధ్యాహ్నం కదిరి నుంచి వచ్చే బస్సు మా అంగడి ముందు ఆగింది. డ్రైవరు టీకి దిగాడు. తిప్పన్న చట్టితో బస్సెక్కి, "ఆకలైనోళ్లు ఎవరన్నా ఉండారా?" అని కేకేశాడు.

మాసిన పంచె, చేతిలో చట్టి, ఆకలని అరుపు. ఒక ముసలమ్మకు జాలేసింది. సంచిలోంచి టిఫిను డబ్బా తీసి, "పాపం, ఎప్పుడు తిన్నావో ఏమో, తిను నాయనా" అని మూత తీసింది. పితికిపప్పు.

"నాకు గాదవ్వా ఆకలి!" అని తిప్పన్న ఏడవడం ఒకటే తక్కువ.

కండక్టరు హనుమంతరాయుడు తనకల్లు ఊరి మనిషి. "సీట్ల కింద జూడన్నా" అన్నాడు. చూస్తే ఏముంది, అన్నీ అనపకాయల సంచులే. కూతుళ్లకు, వియ్యంకులకు, ఆఫీసర్లకు తీసుకుపోతున్నారు. "మా ఇంట్లో గూడా అదే కత. మూడు పూటలా అదే. వెనక సీట్లో కూచోవాలంటే జనం భయపడతాండారు. నువ్వు టికెట్టు తీస్తావా, దిగుతావా?" అన్నాడు కండక్టరు.

తిప్పన్న దిగాడు. బస్సు పోయింది. అతను మా అంగడి ముందు బండ మీద కూర్చుని చట్టి వొళ్లో పెట్టుకున్నాడు. మొగుణ్ని వెతుక్కుంటూ నల్లమ్మ వచ్చింది.

"దొరికినాడా నీ ఆకలైనోడు?"

"ల్యాడే. ఈ కరువు సీమలో ఆకలైనోడే ల్యాకుండా పోయినాడు" అన్నాడు తిప్పన్న. ఏ మనిషైనా సంతోషంగా చెప్పుకోవాల్సిన మాట. అతను మాత్రం ఇల్లు కాలినవాడిలా చెప్పాడు.

నేను అప్పుడు లోపలి గుమ్మంలో నిలబడి ఉన్నాను. చేతిలో ఓట్సు గిన్నె. నల్లమ్మ చట్టి మూత కొంచెం జరిపింది. అల్లం, తెల్లగడ్డ, కొబ్బరి, లవంగం అన్నీ కలిసి నా ముక్కులోకి దూరాయి. రోజూ మా అంగడి ముందు నుంచే పోతుందా చట్టి, రోజూ నేను ఊపిరి బిగబట్టుకుని పంచదార తూస్తున్నానా, ఇక నా వల్ల కాలేదు.

"ఏం తిప్పన్నా, నేను మనిషిని గాదా? నాకు కడుపు ల్యాదా?" అని అరిచాను.

ఇద్దరూ తలెత్తి నన్ను చూశారు. నిజానికి ఆ ఊళ్లో తీగ లేని ఇల్లు మాదొక్కటే. అన్ని గడపలూ తొక్కిన తిప్పన్న మా గడప వైపు మాత్రం చట్టి తిప్పలేదు. ఎందుకో అతనికీ తెలుసు, నాకూ తెలుసు. పచ్చి కాయలు ఎవరిచ్చినా పుచ్చుకుంటాం. వాళ్ల పొయ్యి మీద ఉడికింది మా ఇంట్లో ముట్టరు. మా అత్త ముట్టలేదు, ఆమె అత్త ముట్టలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. నేను మాత్రం అడిగానా?

"మీరా శెట్టెమ్మా?" అన్నాడు తిప్పన్న గొంతు తగ్గించి. "మా ఇంట్లో వండింది ఇది. శెట్టి ఏమన్నా అంటే?"

"శెట్టికి ఓట్సు ఉండాయి."

"నా మొగం జూసి గాదు గదా?"

"నీ మొగం ఎవరు జూసినారప్పా? నేను చట్టిని జూస్తాండా. నెల దినాలుగా కడుపు కాలిపోతాండాది."

నేనేదో లోకాన్ని ఉద్ధరించడానికి కూర్చున్నానని ఎవరూ అనుకోవద్దు. నాకు ఆకలేసింది, అంతే. అమ్మకానికున్న కట్టలోంచి ఒక ఇస్తరాకు లాగాను. లోపల గల్లాపెట్టె దగ్గర దగ్గు వినిపించింది. దగ్గుకోనీ అనుకుని బండ మీద కూర్చున్నాను. తిప్పన్న సంగటి పెట్టి, నడుమ గుంట చేసి పప్పు పోశాడు. కొంచెం నా చీర మీద కూడా పోశాడు.

మొదటి ముద్ద మింగాను. ఎలా ఉందని అడిగితే చెప్పలేను, రెండో ముద్ద మీదే ధ్యాస. వేడి సంగటి వేళ్లను కాలుస్తోంది, పప్పు నాలుక మీద వెన్నలా నలుగుతోంది, ముక్కు కారుతోంది. ఏడో తరగతి పిల్లలా తిన్నాను. నా గొంతు కదలడం చూసిందో లేదో, నల్లమ్మ పళ్లెంలోంచి ముద్ద తుంచి చట్టిలో ముంచి నోట్లో పెట్టుకుంది. మొగుణ్ని అడగలేదు, నా తీర్పు కోసం ఆగలేదు. కళ్లు మూసుకుని నమిలింది. "థూ, నీ కట్టుబాటు మండిపోనూ, ఇన్నాళ్లూ ఇదా నాకు ల్యాకుండా జేసినావు" అని నిండు నోటితోనే మొగుణ్ని తిట్టింది.

అప్పుడు గుమ్మంలో మా ఆయన కనిపించాడు. నా విస్తరి చూశాడు, చట్టి చూశాడు, రోడ్డు అటూ ఇటూ చూశాడు. ఇక మొదలవుతుంది పురాణం అనుకున్నాను. తిప్పన్న లేచి నిలబడి, భయం భయంగా అయినా అడగాల్సింది అడిగాడు.

"శెట్టీ, ఆకలైతాందా?"

తూకం దగ్గర ఆవగింజంత వదలని మనిషి, మాట దగ్గర అంతకంటే పిసినారి. అలాంటివాడు, "చచ్చిపోతాండా తిప్పన్నా" అన్నాడు. కట్టలోంచి ఇస్తరాకు తనే లాక్కుని, బండ మీద నన్ను పక్కకు నెట్టి కూర్చున్నాడు.

మేమిద్దరం రెండోసారి పెట్టించుకున్నాం, మూడోసారీ పెట్టించుకున్నాం. చట్టిలో గరిట గీకిన చప్పుడైంది. తిప్పన్న చట్టి వంచి చూశాడు. అడుగున ఏమీ లేదు. అతని కోసం ఒక్క గింజ మిగల్లేదు. మా ఆయన చెయ్యి ఇంకా విస్తరి మీదే ఉంది, చూపు చట్టి మీద ఉంది.

తిప్పన్న ఆ ఖాళీ చట్టిని రెండు చేతులా ఎత్తుకుని రోడ్డు మధ్యకు పోయాడు.

"సాల్లేదే నల్లీ!" అని అరిచాడు. ఎలిజబెత్ బయటికొచ్చింది, భజన గుడి అరుగు మీదివాళ్లు తలలు తిప్పారు. "మన ఇంటి కూడు సాల్లేదే! ఇంకా అడుగుతాండారు! పోయి పొయ్యి ముట్టియ్యి, పో!"

నల్లమ్మ మూతి తుడుచుకుంటూ పరుగెత్తింది.